వాయిదా ఎవరి ఖర్చు?

(అనంతపురంలో లా విద్యార్థులు, జూనియర్ న్యాయవాదులతో ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి మాట్లాడిన మాటలకు రాత రూపం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, నేనేం ప్రశ్నలు అడగను.

నన్ను పిలిచినవాళ్ళు 'సామాన్యుడికి న్యాయం' అని టాపిక్ ఇచ్చారు. ఈ టాపిక్ ఇస్తే మా తరం వాళ్ళం ముందు రాజ్యాంగ ప్రవేశిక చదువుతాం, తర్వాత 39ఏ అధికరణం దగ్గర ఆగి పది నిమిషాలు మాట్లాడి, శాలువా కప్పించుకుని ఇంటికి పోతాం. 39ఏ మీ సిలబస్‌లో ఉంది. 1976లో 42వ సవరణతో వచ్చింది, డబ్బు లేదనే కారణంగా ఎవరికీ న్యాయం దూరం కాకూడదంటుంది. అయిపోయింది. నేను ఈరోజు వాయిదా గురించి మాట్లాడదామని వచ్చాను, ఎందుకంటే కింది కోర్టులో పనిచేసిన జడ్జిగా నాకు న్యాయం దగ్గరయ్యేది, దూరమయ్యేది ఎక్కువగా అక్కడే కనపడింది.

మీలో చాలామంది కోర్టుకు పోయి చూసే ఉంటారు. పదిన్నరకు కాల్ వర్క్ మొదలవుతుంది. కేసు పిలుస్తారు, డఫేదారు బయటికి పేరు అరుస్తాడు, ఎవరో 'హాజరు' అంటారు, జూనియర్ లేచి 'సీనియర్ వేరే కోర్టులో ఉన్నారు సార్' అంటాడు, బెంచి క్లర్కు తేదీ చెప్తాడు, కేసు కాగితాల కట్ట పక్కకు పోతుంది. మొత్తం అర నిమిషం. బెంచి మీద కూర్చున్నవాడికి ఆ అర నిమిషం ఏమీ కాదు, జీతం తగ్గదు, ఆకలి వేయదు. వరండాలో ఉన్నవాడి సంగతి వేరు. వాడు కుందుర్పి వైపు పల్లె నుంచి తెల్లారి మొదటి బస్సుకు వచ్చి ఉంటాడు, కూలి పోయింది, గుమాస్తాకు ఎంతో కొంత ఇచ్చాడు, హోటల్లో అన్నం తిన్నాడు, సాయంత్రం ఇంటికి పోతే 'ఏమాయ' అని పెండ్లాం అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. 'సామీ, ఈ పొద్దు ఏమన్నారు?' అని గుమాస్తాను అడుగుతాడు. 'మళ్ళా నెల రావాల' అంటాడు ఆయన. ఎందుకు రావాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ఎందుకు అనేది చెప్పాల్సింది జడ్జి అని నా అభిప్రాయం, చెప్పడానికి ఇంకో అర నిమిషం పడుతుంది అంతే.

చట్టంలో కట్టడి లేదా అంటే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డర్‌లో విచారణ సమయంలో ఒక పార్టీకి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని 2002 నుంచి ఉంది. సుప్రీంకోర్టు 2005లో దాన్ని కొంచెం సడలించి, నిజంగా చేయి దాటిన కారణం ఉంటే ఇవ్వొచ్చని చెప్పింది. ఆ సడలింపు మాత్రమే అందరికీ గుర్తుంది. క్రిమినల్ వైపు, పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో రెండు వాయిదాలు అని రాశారు. కాగితం మీద రెండు. ఎన్ని కోర్టుల్లో పాటిస్తున్నారో మీరే పోయి లెక్కపెట్టండి.

జడ్జీలు తక్కువ, కేసులు ఎక్కువ, ఆ మాట నిజమే, దాన్ని తోసిపుచ్చను. 1987లో లా కమిషన్ లెక్క కట్టినప్పుడు పది లక్షల జనాభాకు పదిన్నర మంది జడ్జీలు ఉన్నారు, యాభై మంది కావాలని సిఫారసు చేసింది, ఇప్పటికీ ఆ యాభైలో సగానికి చేరలేదు. కానీ ఆ లెక్క చెప్పుకుంటూ కూర్చునే జడ్జిని నేను నమ్మను. పోస్టులు నింపేది నేను కాదు, బిల్డింగు కట్టేది నేను కాదు. రేపటి కాజ్ లిస్టు, అంటే రేపు పిలిచే కేసుల జాబితా మాత్రం నా చేతిలో ఉంది. జరగవని తెలిసిన సాక్ష్యాలను నలభై పెట్టి నలభై కుటుంబాలను పిలవడమా, జరిగే వాటిని అయిదు పెట్టి ఆ అయిదూ పూర్తి చేయడమా అనేది పూర్తిగా నా నిర్ణయం. దానికి హైకోర్టు పర్మిషన్ అక్కర్లేదు.

సాక్షుల దగ్గరకు వస్తాను. ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు వైపు వాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉంటే మీకు చెప్పక్కర్లేదు. జనవరి వస్తే ఊళ్ళు ఖాళీ అవుతాయి. పిల్లా జెల్లా అందరినీ లారీలెక్కించుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు, సుగ్గి అంటారు అక్కడ. ఉగాది అటూ ఇటూ తిరిగొస్తారు. మనం ఏం చేస్తామంటే ఫిబ్రవరిలో సాక్షికి సమన్లు పంపుతాం. 'ఇంటికి తాళం' అని కానిస్టేబులు రాసుకొస్తాడు. మళ్ళా పంపుతాం, మళ్ళా అదే. ఆపైన వారెంటు. ఎవరిమీద వారెంటు? ఏ తప్పూ చేయని, తన కళ్ళముందు ఒక గొడవ జరిగిన పాపానికి పేరు రాయించుకున్న కూలీ మీద. ఆ మనిషి ఊరికి తిరిగొచ్చిన రోజు పోలీసులు వచ్చి నిలబడితే, ఇక జన్మలో ఎవరికైనా సాక్ష్యం చెప్తాడా? ఆ వైపు కోర్టులో ఉన్నప్పుడు నేను కూలీలు సాక్షులుగా ఉన్న కేసుల్ని సుగ్గి నెలల్లో పెట్టకుండా, డాక్టర్లు, పోలీసులు సాక్షులుగా ఉన్నవాటిని ఆ నెలల్లోకి జరిపేవాణ్ణి. ఇదేం గొప్ప సంస్కరణ కాదు, క్యాలెండర్ చూసుకోవడం. అనంతపురం జిల్లాలో అయితే బెంగళూరు వలస, దానికి సీజన్ కూడా లేదు. వచ్చిన సాక్షిని ఆరోజే విచారించి పంపాలి, సాయంత్రం ఆరైనా సరే. సాక్షికి దారి ఖర్చులు, బత్తా ఇప్పించొచ్చని చట్టంలోనే ఉంది. అడిగే వకీలు కనపడడు.

ఇక మీరు ఎదురుచూస్తున్న సబ్జెక్టు, ఫ్యాక్షన్. సీమ జడ్జి అనగానే బయటివాళ్ళు మొదట అడిగేది అదే, బాంబులూ వేటకొడవళ్ళూ. నిజం చెప్పాలంటే సెషన్స్ కోర్టులో బాంబు కంటే ఎక్కువగా నేను చూసింది మౌనం. పీడబ్ల్యూ 1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి బోనెక్కుతాడు, చనిపోయినవాడు వాడి సొంత అన్న. 'ఎవరు నరికినారో నేను చూడలేదు సామీ, పోలీసోళ్ళు తెల్లకాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు' అంటాడు. ఈ వాక్యం నేను ఎన్ని గొంతుల్లో విన్నానో చెప్పలేను, ఎవరో అచ్చేసి పంచిపెట్టినట్టే ఉంటుంది. ఏపీపీయో పీపీయో, ప్రభుత్వం తరఫు వకీలు లేచి సాక్షి హోస్టైల్, అంటే ఎదురు తిరిగాడు అని ప్రకటించమంటాడు, నాలుగు ప్రశ్నలు అడుగుతాడు, 'అబద్ధం' అని రాస్తారు, అయిపోతుంది. బయట ఊరి పెద్దలు జీపుల్లో ఎదురు చూస్తుంటారు. రాజీ అప్పటికే అయిపోయి ఉంటుంది, కోర్టు దాన్ని రికార్డు చేసే చోటు మాత్రమే.

ఇక్కడ జడ్జి ఏం చేయాలి? పాత సాక్ష్య చట్టంలో 165వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన సాక్ష్య అధినియమ్‌లో 168, ఏ ప్రశ్ననైనా, ఏ సాక్షినైనా, ఎప్పుడైనా అడిగే అధికారం జడ్జికి ఇచ్చింది. 1981లో రాంచందర్ కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు, మన తెలుగువారే, ఈ విషయం మీద రెండు వైపులా చెప్పారు. జడ్జి ఊరికే చూస్తూ కూర్చుని రాసుకునే యంత్రం కాకూడదు అన్నారు. అదే తీర్పులో, సాక్షిని అబద్ధసాక్ష్యం కేసు పెడతానని బెదిరించిన సెషన్స్ జడ్జిని తప్పుపట్టారు కూడా. యువ మెజిస్ట్రేట్లు మొదటి సగం చదివి రెండో సగం వదిలేస్తారు. బోనులో ఉన్నవాణ్ణి జడ్జి గద్దిస్తే నిజం రాదు. వాడికి ఊళ్ళో ఒక భయం ఉంది, ఇప్పుడు కోర్టులో ఇంకొకటి, అంతే. నేను గద్దించే దారి పట్టలేదు, చిన్న ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఆరోజు నువ్వెక్కడున్నావు, శవాన్ని ఆస్పత్రికి ఎవరు తెచ్చారు, బండి ఎవరిది, నీ చొక్కాకు నెత్తురు ఎట్లా అంటింది. కొన్నిసార్లు వాటిలోంచి కొంచెం నిజం బయటపడేది, చాలాసార్లు పడేది కాదు. పడనప్పుడు కేసు కొట్టేయాల్సిందే.

కొట్టేయడం గురించి మా ఇంట్లోవాళ్ళే నన్ను నిలదీశారు. 'వాడే చంపినాడని ఊరంతా చెప్తాండారు కదా, నువ్వెట్ల విడిచిపెడతావు?' అని మా పెద్దమ్మ అడిగింది. ఊరంతా చెప్పేది ఊరంతా వచ్చి బోనులో చెప్పకపోతే నేనేం చేయాలి పెద్దమ్మా అన్నాను, ఆమెకు నచ్చలేదు. నాకూ రాత్రికి నిద్ర పట్టేది కాదు, కానీ ఇంకో వైపు కూడా చూడండి. ఫ్యాక్షన్ కేసులో ఎఫ్ఐఆర్ రాయించేటప్పుడు చంపినవాళ్ళ పేర్లతో పాటు వాళ్ళ తమ్ముళ్ళ పేర్లు, డిగ్రీ చదివే కొడుకు పేరు, ఆరోజు ఊళ్ళోనే లేని బావ పేరు కూడా రాయిస్తారు. పాత ఐపీసీ 149 ఉండనే ఉంది, గుంపులో ఉంటే చాలు అందరికీ అదే శిక్ష. పగ రెండువైపులా పదునున్న కత్తి అని తీర్పుల్లో రాస్తుంటాం. చంపడానికీ కారణం అవుతుంది, అబద్ధంగా ఇరికించడానికీ కారణం అవుతుంది. ఊరి మాట మీద శిక్ష వేసే జడ్జి, ఆ డిగ్రీ కుర్రాణ్ణి కూడా జీవితఖైదుకు పంపుతాడు. కాబట్టి సాక్ష్యం లేనప్పుడు వదిలేయడం నాకు బాధ అనిపించింది గానీ తప్పనిపించలేదు. తప్పనిపించింది ఏంటంటే సాక్షికి రక్షణ ఇవ్వకుండా ధైర్యం లేదని వాణ్ణి తిట్టడం. 2018లోనే సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, దేశమంతా అమలు చేయమంది. దానికింద దరఖాస్తు పెట్టొచ్చని మీ సీనియర్లలో ఎంతమందికి గుర్తుందో, నవ్వకండి, ఒకసారి అడిగి చూడండి.

బెయిలు గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, మీ ఓపిక.

బెయిలు ఇచ్చానంటే మనిషి బయటికి పోయినట్టే అని బెంచి మీద అనిపిస్తుంది. ఆర్డరులో చివరి లైను ఉంటుంది, పాతికవేలకు సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదార్లు. సంతకం పెట్టి పక్కకు పెడతాం. ఆ ఇద్దరిని తెచ్చేది ఎవరు? లోపలున్నవాడి భార్య. జామీను ఇవ్వడానికి పాసుపుస్తకమో ఇంటిపన్ను రసీదో ఉన్నవాడు కావాలి. పాసుపుస్తకం ఉన్న రైతు, దొంగతనం కేసులో ఉన్న కూలీవాడి కోసం కోర్టుకొచ్చి సంతకం పెడతాడా? పెట్టడు. అప్పుడు కోర్టు బయట చెట్టుకింద ఉండే అద్దె జామీనుదారు వస్తాడు, ఒకే పాసుపుస్తకంతో పదిమందికి నిలబడేవాడు. ఆయన రేటు కట్టడానికి ఆమె కమ్మలు తాకట్టు పెడుతుంది. అంటే మన షరతు వల్ల ముద్దాయి కోర్టుకు వస్తాడనే గ్యారంటీ ఏమీ రాలేదు, ఒక వ్యాపారం మాత్రం నడిచింది.

ఇది కొత్త సంగతి కాదు. 1978లో మోతీరామ్ కేసు అని ఉంది, తప్పకుండా చదవండి, చిన్న తీర్పే. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రి. సుప్రీంకోర్టు బెయిలు ఇస్తే, కింద మెజిస్ట్రేటు పదివేలకు జామీను అడిగాడు. అన్న ముందుకొస్తే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉంది కాబట్టి చెల్లదన్నాడు. ఆ మేస్త్రి మళ్ళీ సుప్రీంకోర్టుకు పోవాల్సి వచ్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. అప్పటికి మీ అమ్మానాన్నలు కూడా చిన్నపిల్లలు. ఈరోజు పోయి ఏ కోర్టులో అయినా చూడండి, 'లోకల్ జామీను కావాలి' అనే మాట వినపడుతుంది.

2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకొంచెం వివరంగా చెప్పింది. బెయిలు ఆర్డరు అదేరోజు లేదా మర్నాడు జైలుకు ఈమెయిల్లో పోవాలి, ఖైదీకి అందాలి. నెలరోజుల్లో జామీను ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతు తగ్గించే విషయం ఆలోచించొచ్చు. నేనడిగేది ఏంటంటే నెల ఎందుకు ఆగాలి అని. మనిషిని చూస్తే తెలుస్తుంది కదా, వాడి కాళ్ళకు చెప్పులున్నాయో లేవో బెంచి మీంచి కనపడుతుంది. రిమాండు రోజే 'మీకు భూమి ఉందా, కుటుంబం ఎక్కడుంటుంది, ఏం పని చేస్తావు' అని మూడు ప్రశ్నలు అడిగి రాసి పెట్టుకుంటే, బెయిలు రోజు ఎవరికి ఎంత పెట్టాలో కట్టలోనే ఉంటుంది. ఇంకొకటి, కొత్త సంహిత 479 సెక్షన్ ప్రకారం మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, ఆ నేరానికి ఉండే గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే విడుదలకు అర్హుడు. మరణశిక్ష, జీవితఖైదు పడే నేరాలకు వర్తించదు, ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. జైలు సూపరింటెండెంటే దరఖాస్తు పెట్టాలి. ఆయన పెట్టేదాకా ఆగకుండా, జూనియర్లు మీరు కడప సెంట్రల్ జైలుకో ఇక్కడ రెడ్డిపల్లి జైలుకో న్యాయసేవల తరఫున పోయినప్పుడు, ఒక్కొక్కరి రిమాండు తేదీ రాసుకుని లెక్కేయండి. కూడికలు తీసివేతలు వస్తే చాలు, పెద్ద లా పాయింటు అక్కర్లేదు.

ఆడవాళ్ళ మనోవర్తి కేసుల మీద త్వరగా చెప్పి ముగిస్తాను. 2001 దాకా పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ కింద నెలకు అయిదువందలకు మించి ఇవ్వడానికి లేదని మీలో సగం మందికి తెలియకపోవచ్చు. ఆ పరిమితి పోయింది. 2020లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో, దరఖాస్తు వేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కగట్టాలన్నారు. చట్టం బాగుపడింది. అయినా కదిరి నుంచి బిడ్డను చంకనేసుకుని వచ్చినామెకు అయ్యేది అదే వాయిదా, భర్త బెంగళూరులో ఆటో నడుపుతుంటాడు, వారెంటు కర్ణాటక పోలీసుల దగ్గర పడి ఉంటుంది. మధ్యంతర భృతి ఆర్డరు ఇవ్వకుండా రెండో వాయిదా వేయకూడదని నేను ఒక నియమం పెట్టుకున్నాను, వకీళ్ళు మొదట్లో గొణిగారు, తర్వాత ఆదాయం అఫిడవిట్లు వాళ్ళే సిద్ధం చేసుకుని రావడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు వస్తాడు, 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేస్తే చాలు. అది తెలియక చీటీ పాడుకుని ఫీజు కట్టినామెలు ఎంతమందో.

లోక్ అదాలత్‌ను పొగడమని నన్ను చాలా సభల్లో అడిగారు. యాక్సిడెంటు నష్టపరిహారాలకు, చెక్కు కేసులకు మంచిదే, కోర్టు ఫీజు వాపసు వస్తుంది, ఆరోజుతో తెగిపోతుంది. కానీ ఎన్ని పరిష్కరించామని జిల్లాకూ జిల్లాకూ పోటీ పెట్టుకున్నప్పుడు నాకు టెన్షన్ వస్తుంది. ధర్మవరంలో మగ్గం నేసేవాడు ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి అప్పు తీసుకుంటాడు. సంతకం ఒప్పుకుంటే చాలు, మిగతాది ఎవరు నింపినా చట్టం బాకీ ఉందనే అనుకుని మొదలుపెడుతుంది, కాదని చూపించాల్సిన భారం వాడిదే. అట్లాంటివాణ్ణి రాజీ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి 'ఒప్పేసుకో పో' అంటే ఒప్పుకుంటాడు, వాయిదాలకు తిరగలేక. ఆ అవార్డు, అంటే లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు లేదు. అందుకే ఆ కాగితం తెలుగులో చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించొద్దు. క్రిమినల్ తీర్పు కూడా అంతే, సారాంశం ముద్దాయికో వాడి వకీలుకో అర్థమయ్యే భాషలో వివరించాలని చట్టమే అంటోంది. ఆ 'వకీలుకో' అనే సందు ఉంది కాబట్టి మనం ఇంగ్లీషులో గొణిగి లేచిపోతాం. కింది కోర్టుల్లో తెలుగుకు అలవాటే అడ్డు, చట్టం కాదు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు మళ్ళీ పెట్టారు కదా, మాకు అది నష్టం కాదా?)

2025 మేలో సుప్రీంకోర్టు పెట్టింది, అవునమ్మా. కోచింగ్‌లో కూర్చుని రాసి పాసయ్యేవాళ్ళకు నష్టమే, డబ్బున్న ఇంటి పిల్లలు మూడేళ్ళు సంపాదన లేకుండా ఆగగలరు, మిగతావాళ్ళకు కష్టం, ఆ సంగతి కాదనను. కానీ వచ్చిన ఆ మూడేళ్ళను సీనియర్ వెనకాల కట్టలు మోయడానికే ఇవ్వొద్దు. ఈపీలు, అంటే డిక్రీ అమలు పిటిషన్లు చూడండి. డిక్రీ వచ్చాకే ఈ దేశంలో కక్షిదారుడి కష్టాలు మొదలవుతాయని అప్పట్లో మన పైకోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ 1872లోనే అంది, ఇప్పటికీ అట్లే ఉంది. ఒకసారి డిక్రీ అమలు చేసే కోర్టు ఉద్యోగి అమీనాతో కలిసి, భూమి స్వాధీనం చేయమనే డెలివరీ వారెంటు తీసుకుని పొలం మీదికి పోండి. డిక్రీలో తూర్పున ఫలానా ఆయన చేను అని ఉంటుంది, ఆయన చనిపోయి కొడుకులు ముగ్గురూ పంచుకుని ఒకరు అమ్మేసి ఉంటారు, హద్దురాయి ఎవరో పీకేసి ఉంటారు, అమీనా అక్కడే నిలబడి 'స్వాధీనం చేయడానికి వీలుకాలేదు' అని రాసుకుంటాడు. ఇరవై ఏళ్ళ కేసు ఆ లైనుతో మళ్ళీ మొదటికి వస్తుంది. దావా వేసేటప్పుడే పొలం కొలతల ఎఫ్‌ఎంబీ స్కెచ్ తీసి, అడంగల్ చూసి, సర్వేయరును పిలిపించి ఆస్తి హద్దుల షెడ్యూలు రాసే వకీళ్ళు మన సీమ జిల్లాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అది నేర్చుకోవాలంటే మీకు మూడేళ్ళు చాలవేమో కూడా.